ఏనుగుపిల్లకి దిష్టిచుక్క

సింహం చేతికందేంత దూరంలో నీళ్ళు తాగుతుంటే వారిజకి నవ్వు ఆగలేదు. భయపడాల్సిన చోట ఈ నవ్వేమిటని తనని తానే కసురుకుని చున్నీ నోట్లో కుక్కుకుంది. నేలలోకి తవ్విన ఆ చిన్న గదికి, బయటి నేలమట్టాన బారెడు కిటికీ ఒకటి ఉంది. దానికి అద్దమూ లేదు, ఊచలూ లేవు. అవతల ఊటగుంట, దాని అంచున ఆడసింహం. ఇవతల ఊపిరి బిగబట్టిన ముగ్గురు ఆడవాళ్ళు. సింహం తలెత్తింది. గడ్డం మీంచి నీళ్ళు కారుతుండగా సరిగ్గా వాళ్ళవైపే ముక్కు చాపి గాలి పీల్చింది. అక్కడెవరూ లేరని తేల్చుకుని, మళ్ళీ వంగి తాపీగా తాగింది.

అది కడుపునిండా తాగి, ఒళ్ళు విరుచుకుని, ఎండునది మలుపు తిరిగాక గానీ వారిజ అత్తగారు మాణిక్యాంబ నోరు తెరవలేదు.

"ఓసి నీ దుంపతెగ! ముగ్గురు మనుషులం ముందర కూచుంటే, పురుగుల్ని చూసినట్టయినా చూడలేదేవిటే!"

"అలా చూడకపోవడమేనండీ అత్తయ్యగారూ, పదేళ్ళుగా నేను కోరుకున్నది," అంటూ వారిజ ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంది.

మూడో ఆవిడ జోసెఫీనా హెంగారి. నమీబియాలో, సముద్రానికీ రాతికొండలకీ మధ్య ఇసుక తప్ప మరేమీ లేని ఆ మూల, ఆవిడదే ఆ ఎడారి క్యాంపు. అరవై దాటిన మనిషి. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, తనకొచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా అంది: "నేనీ నది ఒడ్డునే పుట్టాను. ఒక సింహం నన్నింత చులకనగా చూడటం ఇదే మొదటిసారి." అని పకపకా నవ్వింది.

వారిజ కనిపెట్టింది ఒక సూక్ష్మజీవిని. దానికి 'మౌని' అని పేరు పెట్టుకుంది. పలచటి మజ్జిగలా ఉండే ఆ ద్రావణాన్ని ఒంటికి పూసుకుంటే, మౌని చర్మం మీద కాపురం పెట్టి మనిషి వాసనని పుట్టింది పుట్టినట్టే తినేస్తుంది. అడవి జంతువుకి మనిషి ముందు వాసనగానే తెలుస్తాడు. ఆ వాసన లేకపోతే కదలకుండా కూర్చున్న మనిషికీ చెట్టు మోడుకీ దానికి తేడా లేదు. పూసుకున్న మర్నాడే ఒక గుంటనక్క మాణిక్యాంబ పాదాలమీంచి దాటుకుంటూ పోయింది. ఆవిడ ఆ సంగతి చెప్పుకోడానికి కోనసీమలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేద్దామనుకుంది గానీ, ఆ ఎడారిలో సిగ్నలు లేదు.

ఆ నది పొడవునా ఉన్న క్యాంపులన్నీ హెంగారి మాట వింటాయి. ఈ బస ముగిసేలోగా ఆవిడ సరేనంటే మౌని అన్నిచోట్లకీ వెళ్తుంది. కంచెలు పోతాయి, తుపాకులు పోతాయి, జంతువుల్ని బెదరగొట్టే బళ్ళు పోతాయి. మనిషి తన ఉనికితో అడవిని పాడుచేయకుండా అడవిలో కూర్చోగలుగుతాడు. ఆవిడ వద్దంటే మాత్రం వారిజ పదేళ్ళ చాకిరీ సీసాలోనే ఉండిపోతుంది. ఇవాళ్టి నవ్వు చూశాక సగం పని అయిపోయినట్టే అనిపించి, వారిజ గుడారం దాకా దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది.

క్యాంపంటే ముళ్ళచెట్ల కింద కొన్ని గుడారాలు, మధ్యలో ఒక వంటపాక. కరెంటు ఎండ ఇస్తుంది, తాగే నీళ్ళు పొగమంచు ఇస్తుంది. తెల్లారగట్ల సముద్రం మీంచి వచ్చే మంచు కొండమీద కట్టిన వలలకి తగిలి, బొట్టుబొట్టుగా పీపాల్లోకి దిగుతుంది. స్నానం చేసిన నీళ్ళు రెల్లుమడుల్లో వడకట్టుకుని మళ్ళీ స్నానానికే వస్తాయి. కాలవగట్టున పుట్టి పెరిగిన మాణిక్యాంబకి ఇది ఒక పట్టాన మింగుడు పడలేదు.

"అంటే పక్క గుడారంలో ఆ జర్మనీ ఆయన నిన్న పోసుకున్న నీళ్ళే ఇవాళ నేను పోసుకున్నానన్నమాట!"

"వడకట్టారండీ అత్తయ్యగారూ."

"వడకట్టినా ఆయన నీళ్ళు ఆయనవేగా," అని ఆవిడ రెండు చెంబులతో సరిపెట్టేసింది.

వంటపాకలో హెంగారి మేనకోడలి సంకనెక్కి వారిజ కూతురు గోపిక రొట్టెముక్క చీకుతోంది. దానికి ఏడాది దాటింది, ఇంకా పాలు మానలేదు. వారిజ భర్త పాణి ఓడమీద ఇంజినీరు, సంవత్సరంలో సగం సముద్రంలోనే ఉంటాడు. అందుకే పిల్లనీ, పిల్లని చూసుకోడానికి అత్తగారినీ వెంటబెట్టుకునే వారిజ ప్రయోగానికి వచ్చింది.

"దా తల్లీ, అమ్మ సింహాన్ని చూసొచ్చింది!" అని చేతులు చాపింది.

గోపిక వచ్చింది. వచ్చి మెడ దగ్గర ముఖం పెట్టింది. ముక్కుతో ఇటూ అటూ వెతికింది. తలెత్తి తల్లి ముఖంలోకి అనుమానంగా చూసి, పెదవి విరిచి, మళ్ళీ ఆ మేనకోడలి వైపే ఒరిగిపోయింది. వారిజ మౌని పూసుకున్న దగ్గర్నుంచీ ఇదే వరస. పాలు పితికి గిన్నెతో పట్టాల్సి వస్తోంది. మొదట్లో నాయనమ్మ దగ్గరైనా పడుకునేది. ఇక్కడికొచ్చి ఆవిడా పూసుకున్నాక, ఇద్దరిలో ఎవరెత్తుకున్నా గుక్కపట్టి ఏడ్చి, పెట్టెలోంచి తీసిన, నాయనమ్మ వాసన ఇంకా పోని పాతచీరని గుండెకి హత్తుకుని నిద్రపోతోంది. పసిపిల్లల ఒంటిమీద మౌని బతకదు కాబట్టి పిల్లకి వచ్చిన ప్రమాదమేమీ లేదు.

"అలవాటవుతుందిలెండి," అంది వారిజ, అత్తగారు ఏమీ అడక్కుండానే.

మాణిక్యాంబ చీర మడత విప్పి పిల్లకి కప్పింది. ఆ మేనకోడలికి మౌని పూయలేదని గుర్తొచ్చి వారిజకి ఒళ్ళు మండింది. ఎవరిమీద మండిందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు ఏనుగులొచ్చాయి.

వాటి కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది. ఎడారి ఏనుగులు మామూలు ఏనుగుల కంటే బక్కగా, కాళ్ళు పొడుగ్గా ఉంటాయి. నీటి వాసన పట్టుకుని ఎండునదుల వెంబడి రోజుల తరబడి నడుస్తాయి. మనిషి వాసన కూడా అంతే దూరం నుంచి పట్టి, పక్కకి తప్పుకుంటాయి. అలాంటిది, ఒక మందకి మంద ఊటగుంట దగ్గరికి నడిచొచ్చి కిటికీకి ఎదురుగా నిలబడింది. కిటికీ నిండా కాళ్ళే. దుమ్ము, పేడ, పచ్చి కాయల వాసన. కడుపుల్లో గుడగుడలు కూడా వినిపిస్తున్నాయి. వారిజ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, వాసన పట్టకపోయినా ఆ చప్పుడు వాటికి వినిపిస్తుందేమోనని భయమేసింది.

ఆ కాళ్ళ మధ్యనుంచి ఒక పిల్ల తొంగిచూసింది. పుట్టి ఎంతో కాలం కాలేదు. తొండం ఎలా వాడాలో తెలియక తనే తొక్కుకుని తూలిపోతోంది. కిటికీ దానికి వింతగా తోచినట్టుంది. తడబడుతూ వచ్చి తల లోపలికి పెట్టేసింది. నుదుటిమీద ఎర్రటి నూగు, చుట్టూ ముడతలు, మధ్యలో నల్లని కన్ను మాణిక్యాంబకి జానెడు దూరంలో మిలమిలలాడింది.

హెంగారి మొదటిరోజే పెట్టిన నియమం ఒక్కటే: రాయిలా కూర్చోవాలి, దేన్నీ ముట్టుకోకూడదు. మాణిక్యాంబ ఆ నియమాన్ని ఇన్నాళ్ళూ అక్షరాలా పాటించింది. కానీ ఎదురుగా అంత ముద్దొచ్చే పసిది వచ్చి నిలబడితే, ఆవిడ చెయ్యి ఆవిడ మాట వినలేదు. తన కంటి కొసనున్న కాటుకని వేలితో తీసి, ఆ పిల్ల కణతమీద చుక్క పెట్టేసింది.

"నా దిష్టే తగిలేట్టుంది బంగారానికి," అని గొణిగింది.

పిల్ల తుమ్మి వెనక్కి తగ్గింది. తల్లి ఏనుగు తొండంతో దాన్ని దగ్గరికి లాక్కుంది. అంతే, ఇంకేమీ జరగలేదు. రెండోవైపు మూలన కూర్చున్న హెంగారి ఇదేదీ చూడలేదు. వారిజ చూసింది. ఆ క్షణాన ఆమెకి ఒళ్ళంతా పులకరించింది. మా అత్తగారు అడవి ఏనుగుపిల్లని తల్లి కళ్ళముందే తాకింది, తల్లికి తెలియనే లేదు! ఇంతకంటే రుజువేం కావాలి? మౌని జంతువుల చర్మంమీద నిలవదని ఎలుకలమీద, మేకలమీద చూసే ఉంది. కాబట్టి హెంగారికి చెప్పి ఆవిణ్ణి కంగారుపెట్టడం ఎందుకని ఊరుకుంది. గుడారానికి వచ్చాక అత్తాకోడళ్ళిద్దరూ తలుచుకుని తలుచుకుని నవ్వారు.

"నల్లటిదానికి నల్లచుక్క ఏం కనిపిస్తుందండీ?"

"కనిపించేందుకా పెడతారే అమ్మాయ్? మన తృప్తి మనది."

రెండు రోజులు గడిచాక, పొద్దెక్కుతుండగా, ఒక అరుపు విని అందరూ బయటికొచ్చారు. నది మలుపులో మంద అటూ ఇటూ కదులుతోంది. హెంగారి దుర్భిణీ కళ్ళకి పెట్టుకుని చాలాసేపు దించలేదు.

"ఇలాంటిది నా జన్మలో చూడలేదు," అంది చివరికి. "ఆ తల్లి పిల్లకోసం వెతుకుతోంది. పిల్ల దాని పక్కనే ఉంది."

వారిజ దుర్భిణీ అందుకుంది. పిల్ల కేకేసింది. తల్లి చెవులు విప్పుకుని పరుగున వచ్చింది. తొండంతో పిల్ల ముఖం తడిమింది, పొట్ట తడిమింది, మళ్ళీ ముఖం దగ్గరికి వచ్చింది. తర్వాత కాలితో దాన్ని పక్కకి నెట్టేసి, మరోవైపు తిరిగి పిలవడం మొదలుపెట్టింది. పిల్ల లేచి మళ్ళీ దాని కాళ్ళ మధ్యకి దూరింది. పాలకోసం నోరు చాపింది. మళ్ళీ నెట్టేసింది.

వారిజకి అప్పుడు వెలిగింది. ఎలుకకీ మేకకీ లేనిది ఏనుగుకి ఒకటుంది. కణతల దగ్గర జిడ్డు ఊరుతుంది. మౌనికి మనిషి చెమట ఎలాంటి తిండో ఆ జిడ్డూ అలాంటిదే. మౌని పూసుకున్న వేలితో సరిగ్గా అక్కడే చుక్క పడింది. అక్కణ్ణుంచి బురదలో పొర్లిన పిల్ల ఒళ్ళంతా పాకింది. ఆ తల్లి చెవి గుర్తుపడుతోంది, కన్ను గుర్తుపడుతోంది, ముక్కు మాత్రం 'ఇది నీ బిడ్డ కాదు' అంటోంది. ఏనుగు ముక్కు మాటే వింటుంది.

తన మెడ దగ్గర ముఖం పెట్టి వెతుక్కున్న గోపిక ఆమెకి కళ్ళముందు కనబడింది. అలవాటవుతుందిలెండి అన్న తన మాట తనకే వెగటుగా తోచింది.

"చెప్పాల్సిందొకటుంది," అని హెంగారికి అంతా చెప్పింది. మాణిక్యాంబకి ఇంగ్లీషు రాకపోయినా కోడలి చెయ్యి తన వైపు చూపించగానే సంగతి అర్థమైంది.

"నా చేతులు పడిపోనూ! పసిదానికి తల్లిని దూరం చేశానా? అయ్యో, ముద్దొచ్చి పెట్టానే తల్లీ, ముద్దొచ్చి పెట్టాను," అని నేలమీద కూలబడి ఏడ్చింది.

హెంగారి కోప్పడలేదు. "దారి ఒకటుంది," అంది. "తల్లిలేని ఏనుగుపిల్లల్ని పెంచేవాళ్ళు ఉన్నారు. రేపు బండి పంపిస్తారు. పిల్ల బతుకుతుంది. నీ పని నీకు మిగులుతుంది. ముట్టుకోకూడదన్న నియమాన్ని ఇంకా గట్టిగా పెట్టుకుంటాం, అంతే."

వారిజ ఆ మాటని పట్టుకుని వేలాడాలనుకుంది. నిజంగానే అనుకుంది. ఎంత సులువైన దారి! కానీ దుర్భిణీలో తల్లి తొండం మళ్ళీ పిల్ల కణతని రుద్దుతోంది. అదే తొండం తర్వాత తన కణతని రుద్దుకుంటోంది. పక్కనున్న ముసలి ఏనుగు ఆ తొండాన్ని తన తొండంతో పెనవేస్తోంది. నాలుగు రోజులాగితే ఆ మందలో ఎవరికెవరూ తెలియరు. చీకటిగా ఉన్న ఇంట్లో తడుముకునే మనుషుల్లా తిరుగుతాయి.

మౌనికి విరుగుడు ఉంది. మౌనిని బయటికి తీసుకెళ్ళేవాళ్ళు దాన్ని వెంట ఉంచుకోవాలని ల్యాబ్ నియమం. అది మౌనిని తిని బతికే మరో సూక్ష్మజీవి. చిటికెడు చాలు, గంటలో పని ముగిస్తుంది; పిల్లకి పూస్తే దాన్ని తడిమే తొండాలతో మందంతటికీ అదే పాకుతుంది. అయితే ఒకసారి సీసా మూత తీస్తే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. బట్టలకి అంటుకుని, నీళ్ళలో కలిసి, మనుషులతోపాటు విమానాలెక్కి ల్యాబ్ దాకా వస్తుంది. ఆ తర్వాత మౌని ప్రపంచంలో ఎక్కడా బతకదు. ఇదంతా హెంగారికి రెండు ముక్కల్లో చెప్పి, సీసా తేవడానికి గుడారంలోకి వెళ్ళింది.

ఆమె బయటికొచ్చేసరికి హెంగారి బకెట్లో నీళ్ళు నింపి ఉంచింది.

"నువ్వు పిల్లని కడిగేకొద్దీ నీ ఒంటిమీదా మౌని చస్తుంది, అవునా?"

"అవునండీ."

"అంటే తల్లి తిరిగొచ్చేసరికి నువ్వు దానికి మనిషివైపోతావు. పిల్ల పక్కన నిలబడ్డ మనిషివి."

"గంట పడుతుంది. ఆలోగా వచ్చేస్తాను," అంది వారిజ. భయం ఉంది గానీ అదొక్కటే కాదు. ఒళ్ళంతా జివ్వుమంటోంది. అడవి ఏనుగుకి స్నానం చేయించడానికి వెళ్తున్నానని తలుచుకుంటే, ఆ స్థితిలోనూ ఆమెకి నవ్వొచ్చింది.

మందకి దూరంగా, ఇసుకదిబ్బ పక్కన పిల్ల ఒంటరిగా నిలబడి ఉంది. వారిజ బకెట్టు మోసుకుంటూ వెళ్ళి విరుగుడు కలిపింది. చున్నీ ముంచి కణతతో మొదలుపెట్టింది. పిల్ల మొదట బెదిరింది. చల్లగా తగిలేసరికి మెత్తబడి, తన బరువంతా ఆమె మీద వేసేసింది. ఇద్దరూ ఇసుకలో పడ్డారు. ఆమె లేచి చెవుల వెనక, మడతల్లో, పొట్ట కింద తోమింది. దాని తొండం ఆమె జడ పట్టుకు లాగింది. గోపికకి తలంటేటప్పుడు చెప్పే మాటలే నోటికొచ్చాయి. "అయిపోయింది తల్లీ, ఒక్క చెంబు, ఇంకొక్క చెంబు, మా బంగారు కదూ!"

ఎండ మాడ్చేస్తోంది. చెమట కళ్ళలోకి కారింది. ఆ చెమటకి ఉప్పటి, పుల్లటి వాసన. అది తన వాసనే! మళ్ళీ తగులుతుంటే ఆమెకి ఒక్కక్షణం చెయ్యి ఆగింది. గంట ఇంకా కాలేదే, అప్పుడేనా?

గట్టుమీద హెంగారి రెండు చేతులూ ఎత్తింది. గాలి తిరిగిందని గుర్తు.

పిల్ల కేకేసింది. తల్లి వస్తోంది. పరిగెత్తడానికి వేళ మించిపోయింది, దాక్కోడానికి చెట్టయినా లేదు. వారిజ చున్నీ పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది. అంత పెద్ద ఒళ్ళు అంత చప్పుడు లేకుండా ఎలా వచ్చిందో, నీడ ముందు పడింది, తర్వాత ఊపిరి తగిలింది. తొండం పిల్ల ముఖం తడిమింది. కణత దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత తల్లి గుండెల్లోంచి ఒక మూలుగు వచ్చింది. అది వారిజ కాళ్ళకింది ఇసుకలో కూడా తెలిసింది. పిల్ల ఆబగా పాలమీద పడింది. వారిజకి కన్నీళ్ళు ధారగా కారాయి, తుడుచుకోడానికి చెయ్యి కదపలేదు.

అప్పుడు తొండం ఆమె వైపు తిరిగింది.

పదేళ్ళు ఆమె జంతువుల ముందు లేకుండా ఉండటం నేర్చుకుంది. ఇప్పుడు మొదటిసారి ఒక జంతువుకి ఆమె ఉంది. చెవులు రెండూ తలుపుల్లా విచ్చుకున్నాయి. తడిగా ఉన్న తొండం కొస ఆమె జుట్టు మీద, చెంప మీద, మెడ మీద వెతికింది. కిందికి దిగి గుండెల దగ్గర ఆగింది. పిల్లని తోమి తోమి, గోపికని తలుచుకుని తలుచుకుని, ఆమె కుర్తా పాలతో తడిసిపోయి ఉంది. ఏనుగు ఆ వాసనని లోతుగా పీల్చింది. అది ఏమనుకుందో శాస్త్రం చెప్పలేదు, వారిజ కూడా చెప్పలేదు. చెవులు నెమ్మదిగా వాలాయి. పిల్లని ముందుకి తోసుకుంటూ అది మందవైపు నడిచి వెళ్ళిపోయింది.

హెంగారి పరిగెత్తుకొచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. గాలి వాళ్ళ వీపుల మీంచి నదిలోకి వీస్తోంది. దూరంగా మేస్తున్న ఓరిక్స్ జింకలు ఒక్కసారిగా తలలెత్తి, పొడుగు కొమ్ములు వెనక్కి వాల్చి, దుమ్ము రేపుకుంటూ పారిపోయాయి. మనిషి వచ్చిందని వాటికి తెలిసిపోయింది.

"నువ్వడగలేదు గానీ, నేను సరేననేదాన్ని," అంది హెంగారి.

"తెలుసండీ," అంది వారిజ. పదేళ్ళు ఒక్క పూటలో ఇసుకలో ఇంకిపోయాయి. అయినా ఒంట్లో ఆ పులకరింత ఇంకా తగ్గలేదు.

గుడారం ముందు మాణిక్యాంబ ఎదురొచ్చింది. తల నుంచి కాళ్ళదాకా కోడల్ని తడిమి చూసి, ఎక్కడా దెబ్బలేదని నమ్మకం కుదిరాక రెండడుగులు వెనక్కి వేసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"అబ్బబ్బ, ఏం కంపు కొడుతున్నావే అమ్మాయ్! చెమటా, పేడా, పాలూ కలిసి... ముందెళ్ళి స్నానం చెయ్యి."

వెనకనున్న వంటపాకలో, హెంగారి మేనకోడలి భుజం మీద అటు తిరిగి ఉన్న గోపిక రొట్టెముక్క వదిలేసింది. తల తిప్పి ఇటు చూసింది. చూడటం కంటే ముందే రెండు చేతులూ చాపేసింది.

"స్నానం రేపు చేస్తానండీ," అంది వారిజ, అప్పటికే పరిగెడుతూ.